ఈసుకుపోయిన గేదెలు, తగ్గని జ్వరం: ఈ రోగం ఏ దారిన వస్తుంది?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. పోయిన ఏడాది మావారు, మా మరిది కలిసి హరియాణా వెళ్లి నాలుగైదు నెలల చూడితో ఉన్న నాలుగు ముర్రా గేదెలను కొని లారీలో తెచ్చారు. వాటిలో రెండు ఎనిమిదో నెలలో గర్భం పోయి ఈసుకుపోయాయి. ఒకదానికి మాయ పడకపోతే మావారే చెయ్యి పెట్టి తీశారు. చచ్చిన దూడలను మా జీతగాడు మోసుకెళ్లి చెరువుగట్టు కింద పడేసి వచ్చాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే మావారికి సాయంత్రం పూట జ్వరం, రాత్రి ఒళ్లంతా చెమట, నడుము నొప్పి మొదలయ్యాయి. ఇప్పటికి మూడు నెలలైంది. టైఫాయిడ్ అని రెండుసార్లు మందులు వాడాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. ఇది పశువుల నుంచి వచ్చే బ్రూసెల్లోసిస్ కావచ్చని పాలకేంద్రంలో ఒకరన్నారు. అది పంజాబు, హరియాణాల రోగమని కొందరు, మా మరిది మేకల నుంచి వచ్చిందని కొందరు అంటున్నారు. గాలికి వచ్చిందని మా అత్తగారంటున్నారు. మా ఊళ్లో ఇంతకు ముందు ఈ పేరే వినలేదు. ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత దూరం పాకుతుంది? ఆ రెండు గేదెలను సంతలో అమ్మేద్దామనుకుంటున్నాం. మా అమ్మాయి మొదటి కాన్పుకు వచ్చి మా ఇంట్లోనే ఉంది. భయంగా ఉంది.

సమాధానం: అమ్మా, రోగం దారి సంగతి వివరంగానే చెబుతాను కానీ, అంతకంటే ముందు ఈ వారంలోనే జరగవలసిన పనులు మూడున్నాయి. ఆ రెండు గేదెలను సంతకు తోలకండి. పరీక్షల ఫలితం తెలిసేదాకా మీ కొట్టం నుంచి ఏ పశువునూ బయటికి పంపకండి, కొత్తదాన్ని లోపలికి తేకండి. మీవారు డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, ఆయన అడిగినా అడగకపోయినా, 'మా గేదెలు ఈసుకుపోయాయి, మాయ నేనే చేత్తో తీశాను' అన్న మాటను జ్వరం కంటే ముందు చెప్పాలి. మీ అమ్మాయి కొట్టం వైపు వెళ్లకూడదు, పాలు పితకకూడదు, పేడ ఎత్తకూడదు, కొట్టంలో పనిచేసినవారి బట్టలు ఉతకకూడదు. గర్భిణికి ఈ రోగం సోకితే గర్భం నిలవకపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఆమెను చూస్తున్న డాక్టరుకు కూడా ఇంట్లో ఇలాంటి అనుమానం ఉందని తప్పకుండా చెప్పండి.

మీరు రాసిన లక్షణాలను బట్టి నాకు బ్రూసెల్లోసిస్ అనుమానం బలంగానే ఉంది. 34 ఏళ్ల పశువైద్యంలో, చివరి నెలల్లో గర్భం పోవడం, మాయ పడకపోవడం, ఆ మాయ తీసిన మనిషికి విడవని జ్వరం రావడం అనే మూడూ ఒకే ఇంట్లో కలిసి కనబడినప్పుడు నేను మొదట తలచుకున్నది ఈ రోగాన్నే. అయినా అనుమానం నిర్ధారణ కాదు. లెప్టోస్పైరోసిస్ అనే మరో క్రిమి రోగం వల్ల, కొన్ని వైరస్‌ల వల్ల, బూజు పట్టిన మేత వల్ల కూడా పశువులు ఈసుకుపోతాయి. పరీక్ష చేయించకుండా ఏ పేరూ ఖాయం చేసుకోవద్దు.

ఇక మీరడిగిన దారి సంగతి. ఈ క్రిమి మనిషి కంటికి మొదట పడింది మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో. 1887లో డేవిడ్ బ్రూస్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు, జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహంలో దాన్ని చూశాడు. ఆయన పేరు మీదే రోగానికి ఈ పేరు వచ్చింది. కానీ అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియడానికి మరో 18 ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ అక్కడివారు కూడా, మీ అత్తగారిలాగే, గాలిని, నేలను, మురుగును అనుమానించారు. 1905లో థెమిస్టోక్లీస్ జామిట్ అనే మాల్టా వైద్యుడు మేకల రక్తాన్ని పరీక్షించినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ మేకలు చూడడానికి నిండు ఆరోగ్యంతో ఉన్నాయి. వాటిని వీధుల వెంట తోలుకొచ్చి, ఇంటి గుమ్మం ముందే పాలు పితికి ఇచ్చేవారు. 1906లో సైనికులకు మేకపాలు ఆపేయగానే వారిలో జ్వరాలు ఒక్కసారిగా పడిపోయాయి. అదే 1905లో మాల్టాలో కొన్న మేకలను ఒక ఓడలో అమెరికాకు పంపితే, దారిలో ఆ పచ్చి పాలు తాగిన నావికులు పలువురు జ్వరపడ్డారు. ఈ రోగం ఊరి నుంచి ఊరికి ఎలా వెళుతుందన్న మీ ప్రశ్నకు నాకు తెలిసిన మొదటి జవాబు ఆ ఓడే. రోగం తనంతట తాను ప్రయాణం చేయదు. ఆరోగ్యంగా కనిపించే పశువు లోపల కూర్చుని, మనం కొనుక్కుని ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వస్తుంది.

ప్రపంచ పటం మీద ఈ రోగం ఎక్కువగా ఉన్న చోట్లను గుర్తిస్తే మధ్యధరా తీరం, అరబ్బు దేశాలు, మధ్య ఆసియా, మంగోలియా, తూర్పు ఆఫ్రికాలోని పశుపోషకుల ప్రాంతాలు, భారతదేశం, మెక్సికో వంటివి కనిపిస్తాయి. అక్కడి వాతావరణాలు ఒకదానికొకటి పోలవు. ఎడారి ఉంది, మంచు ఉంది, మన ఉక్కపోత ఉంది. కాబట్టి వేడి, చలి, నేల ఈ పటాన్ని గీయలేదు. పశువులు ఎంత దగ్గరగా బతుకుతాయి, ఎంత దూరం తిరుగుతాయి, వాటికి టీకాలు అందుతున్నాయా, మనుషులు పాలను పచ్చిగా తాగుతారా కాచుకుంటారా అన్నవే గీశాయి. సోవియట్ యూనియన్ విడిపోయాక మధ్య ఆసియా దేశాల్లో ప్రభుత్వ పశుక్షేత్రాలు చెదిరిపోయి, మందలు ఇంటింటికీ పంపకమై, టీకాలు ఆగిపోయాయి. మంగోలియాలో కూడా 1990 తర్వాత అదే జరిగింది. కొన్నేళ్లలోనే అక్కడి మనుషుల్లో ఈ జ్వరం మళ్లీ పెరిగింది. యుద్ధం ముగిసిన తర్వాత బోస్నియాకు సరైన తనిఖీ లేకుండా వచ్చిన గొర్రెలతో పాటు ఈ రోగమూ వచ్చింది. చైనాలో ఉత్తరాన ఇన్నర్ మంగోలియా వంటి గొర్రెల ప్రాంతాలకు పరిమితమైనట్టు కనిపించిన రోగం, మాంసం కోసం గొర్రెలను దక్షిణానికి తరలించే వ్యాపారం పెరిగేకొద్దీ ఆ లారీల వెంటే దక్షిణ రాష్ట్రాలకు దిగింది.

పశువు నుంచి అడవికి, అడవి నుంచి తిరిగి పశువుకు దారి తీసిన ఉదాహరణ ఒకటి అమెరికాలో ఉంది. ఎల్లోస్టోన్ అభయారణ్యంలోని అడవి దున్నల్లో ఈ రోగాన్ని 1917లోనే గుర్తించారు. రైతుల పశువుల నుంచే అది వాటికి అంటుకుంది. తర్వాత ఆ దేశం తన పశువులను దాదాపు పూర్తిగా శుభ్రం చేసుకున్నా, ఆ అడవి చుట్టూ ఉన్న మూడు రాష్ట్రాల రైతులకు నేటికీ అడవి దున్నల గురించి, ఎల్క్ అనే పెద్ద జింకల గురించి భయం తీరలేదు. ఒకసారి వదిలిన రోగం వందేళ్ల తర్వాత కూడా అదే గడప తొక్కవచ్చని చెప్పడానికే దీన్ని ఎత్తాను.

మీ అత్తగారి మాటను కూడా కొట్టిపారేయను. 2019లో చైనాలోని లాన్‌జౌ నగరంలో పశువుల బ్రూసెల్లా టీకా తయారుచేసే ఒక కర్మాగారంలో, గడువు తీరిన క్రిమిసంహారకం వాడడంతో క్రిమి చావకుండా గాలిలో కలిసింది. చుట్టుపక్కల 10 వేల మందికి పైగా పరీక్షల్లో సోకినట్టు తేలింది. కబేళాల్లోనూ, ప్రయోగశాలల్లోనూ గాలిలో తేలే తుంపరల ద్వారా సోకడం నిజమే. మీ కొట్టంలో కూడా, ఈసుకుపోయిన చోట ఎండిన గడ్డిని పొడిగా ఊడ్చితే ఆ దుమ్ము ముక్కులోకి వెళ్లగలదు. అంతేకానీ, పొరుగూరి నుంచి గాలి మోసుకొచ్చేది కాదిది. మీ ఇంట్లో ఇంత దగ్గరి కారణం కళ్లెదుటే ఉండగా దూరపు గాలిని అనుమానించే అవసరం లేదు.

'పంజాబు, హరియాణాల రోగం' అన్న మాటలో సగం నిజం ఉంది. పాడి బాగా అల్లుకున్న చోట, పశువులు గుంపులుగా ఒకే కొట్టంలో ఉండే చోట, ఏటా అమ్మకాలు కొనుగోళ్లు జరిగే చోట ఈ రోగం ఎక్కువగా ఉంటుంది. మన దేశంలో విడివిడిగా ఒకటి రెండు పశువులను పెంచుకునే ఇళ్లకంటే పెద్ద డైరీల్లోనే ఇది ఎక్కువగా బయటపడుతూ వచ్చింది. ఈ లక్షణాలన్నీ పంజాబు, హరియాణా పాడికి ఉన్నాయి. పైగా ఈ రోగానికి ఒక మోసకారి స్వభావం ఉంది. సోకిన గేదె సాధారణంగా ఒక్కసారే ఈసుకుపోతుంది. తర్వాతి చూళ్లు నిలుస్తాయి, మామూలుగా ఈనుతుంది, పాలిస్తుంది. కానీ ప్రతి ఈతలోనూ ఉమ్మనీటిలో, మాయలో, ఆ తర్వాత పాలలో క్రిమిని వదులుతూనే ఉంటుంది. ఒకసారి గర్భం పోయిన పశువును యజమాని అమ్మేస్తాడు. కొన్నవాడికి ఆ సంగతి తెలియదు. అతని కొట్టంలో మరొకటి ఈసుకుపోతుంది, అతనూ అమ్మేస్తాడు. రోగం ఉన్న పశువులకు జన్మించిన పెయ్యల్లో కొన్ని ఏ పరీక్షకూ చిక్కకుండా పెరిగి, తమ మొదటి ఈతలో బయటపడతాయి. దేశం పొడవునా రోగాన్ని నడిపిస్తున్నది ఈ గొలుసే. మీరు ఇప్పుడు ఆ రెండింటినీ సంతకు తోలితే ఆ గొలుసులో తర్వాతి కొక్కెం మీ చేతుల మీదుగానే పడుతుంది. మీకు కలిగిన నష్టం నాకు తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని గట్టిగానే అడ్డుకుంటున్నాను.

అలాగని మీ గేదెలకు రోగం హరియాణాలోనే అంటిందని తేల్చి చెప్పలేను. నాలుగైదు నెలల చూడితో వచ్చి ఎనిమిదో నెలలో ఈసుకుపోయాయంటే, అమ్మినవారి కొట్టంలోనే సోకి ఉండవచ్చు, కొనేముందు నిలబెట్టిన సంతలో సోకి ఉండవచ్చు, ఇక్కడికి వచ్చాక మీ మరిది మేకల నుంచి కూడా సోకి ఉండవచ్చు. ఎందుకంటే ఈ క్రిమిలో జాతులున్నాయి. ఆవులు, గేదెలకు ఎక్కువగా పట్టేది బ్రూసెల్లా అబార్టస్. గొర్రెలు, మేకల్లో ఉండేది బ్రూసెల్లా మెలిటెన్సిస్. మనిషిని గట్టిగా దెబ్బతీసేది ఈ రెండోదే. జీవాలు, అంటే గొర్రెలు, మేకలు, గేదెలతో ఒకే కొట్టంలో, ఒకే తొట్టి దగ్గర కలిసి ఉన్నప్పుడు మేకల జాతి క్రిమి గేదెకు ఎక్కగలదు. మీవారి రక్తంలోనో, గేదె స్రావాల్లోనో క్రిమిని పెంచి చూడగలిగితే అది ఏ జాతిదో తెలుస్తుంది, అప్పుడు దారి కూడా కొంత తెలుస్తుంది. అంతవరకు మరిదిగారి మీద నింద వేయకండి. ఆయన మేకలకు కూడా పరీక్ష చేయించండి.

తెలుగు నేల సంగతి చెప్పాలంటే నాకు గేదెల కంటే జీవాల మీదే దిగులు ఎక్కువ. 2019 పశుగణన ప్రకారం దేశంలోని సుమారు 7.4 కోట్ల గొర్రెల్లో దాదాపు 1.9 కోట్లు తెలంగాణలో, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెల్లో సగానికి కాస్త తక్కువ మన రెండు రాష్ట్రాల్లోనే మేస్తున్నాయి. ఇవి ఒక్కచోట నిలబడేవి కావు. పాలమూరు, అనంతపురం, కర్నూలు వైపు మందలు వానలు తగ్గగానే మేత వెతుక్కుంటూ కదులుతాయి. కోతలైన పొలాల్లో ఎరువు కోసం రైతులు మందలు కట్టించుకుంటారు. దారిలో ఈనిన గొర్రె మాయ అక్కడే పొలంలో పడుతుంది, కుక్కలు దాన్ని మరో పొలానికి ఈడ్చుకెళతాయి. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చి ఇచ్చారు. అలా లక్షల జీవాలు రాష్ట్రం సరిహద్దు దాటాయి. ఆ పథకం వల్ల రోగం వచ్చిందని నేను అనడం లేదు. ఇంత పెద్ద కదలిక జరిగినప్పుడు ప్రతి మందకూ రక్తపరీక్ష ఉండితీరాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇంకో సంగతి. మీ ఊళ్లో ఈ పేరు వినకపోవడం అంటే రోగం లేదని కాదు. వెతికిన చోటే ఇది కనబడుతుంది. మన పాలమూరుకు పడమటి దిక్కున, ఉత్తర కర్ణాటకలోని విజయపురలో వైద్య కళాశాల వైద్యులు జ్వరం రోగుల్లో దీని కోసం ఏళ్ల తరబడి ఓపికగా పరీక్షలు చేస్తే, పిల్లల్లో సహా కేసులు వందల సంఖ్యలో బయటపడ్డాయి. గొర్రెలూ మేకలూ మేపుకునే ఆ పల్లెలకూ మన పల్లెలకూ పెద్ద తేడా లేదు. ప్రపంచంలో ఏటా 5 లక్షల మందికి ఇది సోకుతుందని చాలాకాలం చెప్పుకున్నారు. 2023లో వెలువడిన ఒక అంచనా ఆ సంఖ్యను 16 లక్షల నుంచి 21 లక్షల దాకా పెంచింది. పరీక్ష చేయని జ్వరాలు ఎన్నో టైఫాయిడ్ పేరు మీద, మలేరియా పేరు మీద, క్షయ పేరు మీద పోతూ ఉంటాయి. మీ ఇంట్లో మూడు నెలలుగా జరుగుతున్నది కూడా అదే కావచ్చు.

పశువుల పటం, మనుషుల పటం ఒకదానిమీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చోవు. పశువుల్లో రోగం ఉన్నా మనుషులకు తక్కువగా సోకే చోట్లున్నాయి. దానికి కారణం చాలావరకు వంటింట్లోనే ఉంటుంది. మెక్సికోలో, అరబ్బు దేశాల్లో కాచని పాలతో చేసిన మెత్తని జున్నుగడ్డలు (చీజ్) తింటారు, అరబ్బు దేశాల్లోనైతే ఒంటె పాలు పితికిన గిన్నెలోనే తాగుతారు. గల్ఫ్‌కు వెళ్లి ఎడారిలో గొర్రెలను, ఒంటెలను కాస్తున్న మన జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు యువకులు అక్కడి అలవాటు ప్రకారం పచ్చిపాలు తాగి, సెలవుకు వచ్చినప్పుడు నడుము నొప్పి, జ్వరం తెచ్చుకుంటే ఈ రోగాన్ని తప్పక తలచుకోవాలి. మనం మాత్రం పాలు పొంగేదాకా కాస్తాం, కాచిన పాలనే తోడు పెడతాం, టీలోకి మరిగిస్తాం. జున్నుపాలను కూడా ఆవిరి మీద ఉడికిస్తాం. ఈ క్రిమి 63 డిగ్రీల వేడిలో 30 నిమిషాలకే చస్తుంది. పాలు ఒక్క పొంగు వచ్చేలా కాస్తే ఇక మిగలదు. మన అమ్మమ్మల నాటి ఈ అలవాటు మనల్ని ఎంతగానో కాపాడుతోంది. అది తప్పే సందర్భాలే ప్రమాదం: బలం వస్తుందని పొదుగు నుంచి పితికిన గుమ్మపాలను పిల్లలకు పట్టడం, డెంగీ వచ్చినప్పుడు రక్తకణాలు పెరుగుతాయని పచ్చి మేకపాలు తాగించడం, కాచని పాలతో చేసిన పంచామృతం పుచ్చుకోవడం. భక్తిని తప్పుపట్టడం లేదు కానీ, అనుమానం ఉన్న పశువు పాలు అభిషేకానికి కూడా ఇవ్వకండి.

కాబట్టి మన ప్రాంతంలో రోగం నోటి దారి కంటే చేతి దారిన ఎక్కువగా వస్తుందని నేను నమ్ముతున్నాను. ఈసుకుపోయిన దూడలో, మాయలో, ఉమ్మనీటిలో ఉన్నంత క్రిమి మరెక్కడా ఉండదు. గోరు పక్కన చీలిక చాలు, కంట్లో పడిన చుక్క చాలు. రాత్రిపూట డాక్టరు దొరక్క, కన్నబిడ్డలా చూసుకునే గేదె బాధ చూడలేక, మీవారు చెయ్యి పెట్టారు. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా ఉద్యోగపు తొలి ఏళ్లలో చేతొడుగులు లేక మేమూ అలాగే మాయలు తీశాం. నాతోపాటు పనిచేసిన ఒక సహాయకుడు వృషణాల వాపుతో, కీళ్ల నొప్పులతో ఏడాది పాటు తిరిగిన తర్వాత గానీ అది పశువుల రోగమని ఎవరికీ తట్టలేదు. పాలు పితికే ఆడవారు, గొర్రెలకు పురుడు పోసే కాపరులు, మాంసం కొట్టే కసాయి సోదరులు, ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు, పశువుల డాక్టర్లు, అందరూ ఒకే దారిలో ఉన్నవారే.

మీవారి విషయానికి వస్తే, టైఫాయిడ్ కోసం చేసే విడాల్ పరీక్ష ఒక్కటే చూసి మళ్లీ టైఫాయిడ్ మందు మొదలుపెట్టించకండి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికో, వైద్య కళాశాల ఆసుపత్రికో వెళ్లి బ్రూసెల్లా రక్తపరీక్ష, వీలైతే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయించమని అడగండి. ఈ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది, ప్రయోగశాలలో పనిచేసేవారికి కూడా సోకుతుంది. కాబట్టి అనుమానం ఏమిటో నమూనాతో పాటే రాసి పంపడం అవసరం. నడుము నొప్పి ఉందన్నారు. ఈ క్రిమి వెన్నుపూసలను, తుంటి దగ్గరి కీళ్లను పడుతుంది. స్కానింగ్‌లో అది క్షయలా కనిపించి పొరబాటు జరుగుతుంది. అరుదుగా గుండె కవాటాలను కూడా పడుతుంది, ఈ రోగంతో జరిగే మరణాల్లో ఎక్కువ దానివల్లే. రోగం ఖాయమైతే మామూలుగా డాక్సీసైక్లిన్‌ను 6 వారాలు, దానితో పాటు రిఫాంపిసిన్ మాత్రలో, లేదా స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి సూదిమందో ఇస్తారు. వెన్ను పట్టుకుంటే ఇంకా ఎక్కువ కాలం వాడాలి. పదో రోజుకే జ్వరం పోతుంది, అక్కడే అందరూ మందు మానేస్తారు, అక్కడే రోగం తిరగబెడుతుంది. పూర్తి కాలం వాడించడం మీ బాధ్యతగా పెట్టుకోండి. ఈ మందులు మీ అంతట మీరు దుకాణంలో కొనకండి. ముఖ్యంగా డాక్సీసైక్లిన్ గర్భిణికి పనికిరాదు కాబట్టి, మీ అమ్మాయికి అవసరమైతే డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు. మీవారి నుంచి ఇంట్లోవారికి సోకుతుందన్న భయం దాదాపు అక్కర్లేదు. మనిషి నుంచి మనిషికి రావడం చాలా అరుదు. అయితే ఆయన ఉన్న కొట్టంలోనే మీరూ పనిచేశారు కాబట్టి మీరూ పరీక్ష చేయించుకోండి.

గేదెల సంగతి: పశువైద్య సేవల 1962 నంబరుకు ఫోన్ చేయండి, లేదా మీ మండల పశువైద్యశాలలో రాతపూర్వకంగా తెలియజేయండి. పశువుల అంటురోగాల మీద వచ్చిన 2009 నాటి చట్టం ప్రకారం ఇది తెలియజేయవలసిన రోగాల జాబితాలో ఉంది, చెప్పడం యజమాని బాధ్యత. నాలుగు గేదెలకూ, మేకలకూ రక్తం తీసి రోజ్ బెంగాల్ పరీక్ష చేస్తారు, అది నిమిషాల్లో తేలుతుంది; తర్వాత ఎలైసా అనే మరో రక్తపరీక్షతో ఖాయం చేస్తారు. ఈసుకుపోయిన వెంటనే చేసిన పరీక్షలో ఏమీ తేలకపోవడం కూడా ఉంది కాబట్టి, ఒకసారి లేదని వచ్చిన పశువుకు మూడు నాలుగు వారాల తర్వాత మళ్లీ చేయించండి. ఇకమీదట ఏ గేదె ఈనడానికి దగ్గరపడినా దాన్ని వేరుగా కట్టండి. ఈత సమయంలో దగ్గరుండేవారు మోచేతుల దాకా చేతొడుగులు, ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు వాడాలి. మాయ పడకపోతే డాక్టరు వచ్చేదాకా ఆగాలి. పడిన మాయను, తడిసిన గడ్డిని లోతైన గోతిలో సున్నం పోసి, కుక్కలు తవ్వలేనంతగా పూడ్చాలి. కొట్టాన్ని ముందు నీళ్లతో తడిపి, తర్వాత బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడిగి, ఎండ తగిలేలా ఉంచండి. నేరుగా తగిలే ఎండలో ఈ క్రిమి గంటల్లోనే చస్తుంది, కానీ నీడలో, తడిలో నెలల తరబడి బతుకుతుంది. పాలు కాచి వాడుకోవచ్చు కానీ, ఫలితం వచ్చేదాకా పొరుగువారికి పచ్చిపాలు పోయకండి.

రోగం ఖాయమైన గేదెకు మందు ఉందా అని అడుగుతారు. నమ్మదగిన వైద్యం లేదు. ఆస్ట్రేలియా వంటి దేశాలు పరీక్షించి, సోకిన పశువులను ఏరివేసి, రైతులకు పరిహారమిచ్చి 1989 నాటికి ఈ రోగం నుంచి బయటపడ్డాయి. మన దగ్గర ఆ దారి అందరికీ తెరిచి లేదు, అందువల్ల టీకాయే ఆధారం. 2019 సెప్టెంబరులో మథురలో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకం కింద 4 నుంచి 8 నెలల వయసున్న ఆవు, గేదె పెయ్యలకు ఎస్-19 అనే టీకాను జీవితంలో ఒక్కసారి ఉచితంగా వేస్తున్నారు. మగదూడలకు, చూడి పశువులకు అది వేయరు. అది బతికున్న క్రిమితో చేసిన టీకా కాబట్టి సూది పొరబాటున మనిషికి గుచ్చుకుంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. గొర్రెలు, మేకలు ఈ టీకా పథకంలో లేకపోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది, ఎందుకంటే మనిషికి ఎక్కువ హాని చేసే జాతి క్రిమి వాటిలోనే ఉంది. మళ్లీ గేదెలు కొనేటప్పుడు, చూడితో ఉన్నదా, ఎన్ని లీటర్లు ఇస్తుందన్న బేరంతో పాటు రక్తపరీక్ష కాగితం కూడా అడగండి. చెవి పోగు మీది 12 అంకెల నంబరు ఆ కాగితంలోని నంబరుతో సరిపోవాలి. తెచ్చిన తర్వాత నెల రోజులు వేరే పాకలో ఉంచి, మరోసారి పరీక్షించాకే మందలో కలపండి.

చివరగా, మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయిన మీ జీతగాడి గురించి. ఆ చచ్చిన దూడలను ఉత్త చేతులతో, బహుశా భుజం మీద వేసుకుని, చెరువుగట్టు దాకా మోసింది అతను. మీవారికి సోకినంతగా అతనికీ సోకే వీలుంది. అతని ఇంట్లో జ్వరానికి మూడుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లే స్తోమత ఉండకపోవచ్చు. పనికి రావడం మానేశాడా, ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు ఎవరైనా ఉన్నారా అని కనుక్కోండి. మీవారు రక్తపరీక్షకు వెళ్లే రోజున అతన్నీ వెంట తీసుకెళ్లండి, ఖర్చు మీరే పెట్టుకోండి. ఆ గట్టు కింద ఏవైనా మిగిలి ఉంటే, అవి ఎక్కడ పడేశాడో అతన్ని అడిగి తెలుసుకుని, పశువైద్య సిబ్బంది చేతొడుగులతో వచ్చి సున్నం వేసి పూడ్చేలా చూడండి. అతన్ని మళ్లీ అక్కడికి పంపకండి.